బట్టల షోరూంలో ఆర్ఎఫ్ఐడీ పెట్టాలంటే: ట్యాగ్ కొనకముందు నుంచి గో-లైవ్ (అసలు వాడకం మొదలుపెట్టడం) తర్వాత దాకా

"ఆర్ఎఫ్ఐడీ పెడదామనుకుంటున్నాం, మంచి వెండర్ ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్లే ఎక్కువ. వెండర్ సంగతి తర్వాత చూద్దాం అండి, ముందు మీ షాపులో ఏ ప్రశ్నకి జవాబు దొరకట్లేదో అది చెప్పండి. ఇక్కడ ఉదాహరణకి మన దగ్గర ప్రతి టౌన్లో కనిపించే బట్టల వ్యాపారాన్నే తీసుకుంటున్నా: మూడంతస్తుల షోరూం, వెనక వీధిలో గొడౌన్, పక్క ఊళ్లో ఇంకో బ్రాంచి, మొత్తం మీద ఓ 40,000 పీసుల స్టాకు అనుకుందాం. వేరే వ్యాపారాలకి కూడా దాదాపు ఇదే వరస, కాకపోతే ఇనుప సామాను, సీసాల్లో నీళ్లలాంటి సరుకు అయితే రేడియో కష్టాలు ఇంకా ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఆర్ఎఫ్ఐడీ అంటే ప్రతి పీసుకీ చిన్న చిప్, యాంటెన్నా ఉన్న ట్యాగ్ కట్టి, దాని నంబరుని రీడర్ అనే పరికరంతో రేడియో తరంగాల ద్వారా చదవడం. ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు, రీడర్ యాంటెన్నా వదిలే తరంగాల నుంచే దానికి పవర్ వస్తుంది, ఆ కాస్త పవర్‌తోనే తన నంబరు తిరిగి చెప్తుంది. కారు అద్దం మీద ఉండే ఫాస్టాగ్ కూడా ఇదే జాతి, యూహెచ్ఎఫ్ (అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ రేడియో). బార్‌కోడ్ అయితే ఒక్కో పీసు తీసి చూపించాలి, దీనికి హ్యాండ్‌హెల్డ్ రీడర్ పట్టుకుని ర్యాకు ముందు నడుస్తూ పోతే సెకనుకి వందల్లో చదివేస్తుంది. దాని గొప్పంతా అంతే. పీసు ఎందుకు తగ్గింది, ఎవరు తీశారు, అమ్మారా పంపారా అనేవి దానికి తెలీవు, "ఈ నంబరు నాకు వినిపించింది" అని మాత్రమే చెప్తుంది. మిగతా అర్థమంతా మీ సాఫ్ట్‌వేరు, మీ మనుషులు కలిసి ఇవ్వాలి. అందుకే కింద రాసిందాంట్లో రేడియో గురించి ఉన్నదానికంటే లెక్కల గురించే ఎక్కువ ఉంటుంది, తిట్టుకోకండి.

1. ఒక్క ప్రశ్న పట్టుకోండి

ఓనర్ల లిస్టు ఎప్పుడూ పెద్దదే. స్టాకు ట్యాలీ అవ్వాలి, దొంగతనం ఆగాలి, బిల్లింగ్ స్పీడవ్వాలి, గొడౌన్లో ఏముందో పైనుంచే కనిపించాలి, ఏ చీర ఎన్నిసార్లు చూపించారో కూడా తెలియాలి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఒక్కటీ తెమలదు. నా మాట వింటే స్టాకు లెక్కతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడాలి. బిల్లు కాని పీసు దాటితే మోగే దొంగతనం గేటుని మాత్రం మొదటి ఏడాది ఆశించకండి, యూహెచ్ఎఫ్ తరంగాన్ని మనిషి ఒళ్లు మింగేస్తుంది, చంకలో పెట్టుకుపోయిన పీసు గేటుకి వినపడుతుందన్న గ్యారంటీ లేదు, దసరా రద్దీలో అసలే లేదు.

ఇప్పుడు మీ లెక్క ఎంత తప్పుందో ముందే కొలిచి రాసిపెట్టుకోండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత "దీనివల్ల ఏం ఒరిగింది" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఒక సెక్షన్ తీసుకుని, షాపు కట్టేశాక, ఇద్దరు విడివిడిగా చేత్తో లెక్కపెట్టి సాఫ్ట్‌వేర్‌తో పోల్చండి. మొత్తం పోల్చొద్దు, డిజైన్, సైజు, కలర్ స్థాయిలో పోల్చండి. కంప్యూటర్లో 500, చేతిలో 500 అని సంబరపడతారు, లోపల చూస్తే ఎల్ సైజు నీలం 20 తక్కువ, ఎక్స్ఎల్ ఎరుపు 20 ఎక్కువ, మొత్తం మీద తేడా సున్నా. కస్టమర్ అడిగేది ఎల్ సైజు నీలం కదా.

2. దేనికి ట్యాగ్, దేనికి వద్దు

మామూలు పేపర్ లేబుల్ ట్యాగ్ లక్షల్లో కొంటే ఒక్కోటి కొద్ది రూపాయల్లోనే పడుతుంది. మెటల్ మీద అతికించే స్పెషల్ ట్యాగులు మాత్రం అంతకి ఎన్నో రెట్లు, కానీ బట్టలకి అవి అక్కర్లేదు. అందరూ లెక్కేసేటప్పుడు ఉన్న స్టాకుకి మాత్రమే వేస్తారు, అక్కడే బడ్జెట్ తప్పిపోతుంది. లేబుల్ ఒకటి 5 రూపాయలు అనుకోండి, 40,000 పీసులకి 2 లక్షలు, బాగానే ఉంది. కానీ ఏడాదికి అమ్మేది 1,20,000 పీసులైతే ఏటా 6 లక్షలు లేబుళ్లకే పోతాయి, ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు కాదు, కరెంటు బిల్లు లాంటిది. దీనికి తగ్గించే దారి ఒకటుంది, బిల్లింగ్ దగ్గర ఊడదీసి మళ్లీ వాడుకునే ప్లాస్టిక్ హార్డ్ ట్యాగులు. అయితే వాటిని తీసి, ఏరి, మళ్లీ నంబరు కట్టి తగిలించడానికి ఒక మనిషి ఉండాలి.

కర్చీఫులు, టవళ్లు, లుంగీలు, లోపలి బట్టలు వదిలేయండి, మార్జిన్ అంతా ట్యాగే తినేస్తుంది. తానుల్లోంచి మీటర్ల లెక్కన కోసి అమ్మే క్లాత్‌కి పీసు ట్యాగ్ కుదరదు, కావాలంటే తానుకి ఒకటి కట్టుకుని మీటర్లు మామూలుగా సాఫ్ట్‌వేర్లో తగ్గించుకోవాలి. కుర్తీలు, షర్టులు, జీన్సు, ఫ్యాన్సీ చీరలు, పట్టుచీరలు, పిల్లల ఫ్రాకులు, ఇవి పెట్టదగ్గవి. సైజులెక్కువ ఉన్న సరుకులో లాభం ముందు కనిపిస్తుంది.

3. పీసు ఎన్ని చోట్ల తిరుగుతుందో రాయండి

ఈ పని ఎవరూ చేయరు, చేయించరు, తర్వాత అందరూ దీని దగ్గరే ఇరుక్కుంటారు. షోరూంలో ఒక రోజంతా కూర్చుని ఒక్కో పీసు ఏయే దారుల్లో పోతుందో పేపర్ మీద రాయండి. సూరత్ నుంచో తిరుపూర్ నుంచో బేల్ (సరుకు మూట) వస్తుంది, గొడౌన్లో విప్పుతారు, చలాన్‌తో సరిచూస్తారు, రేటు వేస్తారు, స్టిక్కర్ కొడతారు, షోరూంకి పంపుతారు, అమ్ముతారు. ఇది అందరికీ తెలిసిన దారి. అసలు ఇబ్బంది పెట్టేవి పక్కదారులు.

ఆవిడ చీర కొన్నారు, బిల్లయ్యింది, కానీ ఫాల్సు, పికోకి ఇచ్చి వెళ్లారు, నాలుగు రోజుల తర్వాత వస్తారు. ఆ చీర ట్యాగ్‌తో సహా మీ పైఅంతస్తులోనే ఉంది, రాత్రి కౌంటింగ్‌లో రీడర్‌కి వినపడుతుంది, అంటే అమ్మేసిన చీర స్టాకులో ఉన్నట్టు చూపిస్తుంది. మగ్గం వర్కుకి బయటికి పంపిన బ్లౌజు పీసు అమ్మలేదు, కానీ లోపల లేదు. పెళ్లివాళ్లు "ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి తెస్తాం" అని ఓ పాతిక పట్టుచీరలు పట్టుకుపోతారు, పన్నెండు ఉంచుకుని మిగతావి వెనక్కి పంపుతారు, మధ్యలో రెండ్రోజులు ఆ సరుకు ఎవరి లెక్కలోనూ ఉండదు, ఒక కాగితం మీద పెన్నుతో రాసి ఉంటుంది. అద్దాల్లో బొమ్మలకి కట్టిన చీరలు, ఎక్స్చేంజ్‌కి వచ్చినవి, మరకపడి పక్కన పెట్టినవి, బ్రాంచి నుంచి దారిలో ఉన్నవి, ఇలా ప్రతిదానికీ సాఫ్ట్‌వేర్లో ఒక స్టేటస్ కావాలి, ఆ స్టేటస్ ఎవరు, ఎప్పుడు, ఏ బటన్ నొక్కి మారుస్తారో పేరుతో సహా రాసుకోవాలి. ఇది తేలకుండా ట్యాగులు కొడితే రోజూ "మిస్సింగ్" అని ఒక పెద్ద లిస్టు వస్తుంది, నాలుగు రోజులు చూస్తారు, ఐదో రోజు నుంచి ఎవరూ చూడరు.

4. నంబరు, లేబుల్

ట్యాగ్‌లో రాసే నంబరుని ఈపీసీ అంటారు, మామూలుగా 96 బిట్లు. బార్‌కోడ్ ఒక డిజైన్‌కి ఒకటుంటే సరిపోయేది, ఇక్కడ ఒక్కో పీసుకి వేరే నంబరు ఉండాలి. మీ సొంత బ్రాండు సరుకు బయటి షాపులకి కూడా వెళ్తుంటే బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర 890తో మొదలయ్యే కంపెనీ నంబరు తీసుకుని ఎస్‌జీటీఐఎన్-96 పద్ధతిలో (కంపెనీ నంబరు, డిజైన్ నంబరు, పీసు సీరియల్ కలిపి రాసేది) వెళ్లండి, అందులో సీరియల్‌కే 38 బిట్లు ఉంటాయి కాబట్టి ఒక్కో డిజైన్‌కి 27 వేల కోట్ల దాకా పీసులకి సరిపోతుంది, మనకి ఏడు తరాలు చాలు. లోపల వాడకానికి మాత్రమే అయితే సొంత నంబరింగ్ పెట్టుకోవచ్చు, కానీ మొదట్లో మీకే ప్రత్యేకమైన కొన్ని అంకెలు ఉండేలా చూసుకోండి, ఎందుకంటే కొన్ని బ్రాండెడ్ బట్టలకి కంపెనీ దగ్గరే ట్యాగ్ కుట్టి వస్తుంది, అవి వేసుకుని వచ్చిన కస్టమర్లు కూడా మీ రీడర్‌కి వినపడతారు. మొదటి అంకెలు చూసి మనవి కానివి వదిలెయ్యమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి.

నంబరులో రేటు, సైజు, కలర్ ఇరికించమని కొందరు అంటారు, వద్దు. రేటు ఆషాఢంలో మారుతుంది, ట్యాగ్ మారదు. నంబరు ఉత్త నంబరుగానే ఉండాలి, వివరాలన్నీ డేటాబేస్‌లో. కస్టమర్ ఫోన్ నంబరు లాంటివి ట్యాగ్‌లో రాసే ఆలోచన ఎవరైనా చెప్తే అక్కడికక్కడే ఆపండి. రాసిన తర్వాత యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టి లాక్ చేయించండి, కొత్త చిప్‌లో ఆ పాస్‌వర్డ్ అన్నీ సున్నాలే ఉంటుంది, అలాగే వదిలేస్తే రీడర్ ఉన్న ఎవడైనా 6,000 చీర ట్యాగ్ మీద 600 చీర నంబరు రాసేయొచ్చు.

లేబుల్ మీద బార్‌కోడ్, మామూలు అంకెలు కూడా ప్రింటయ్యి తీరాలి. రీడర్ పాడైన రోజు, నెట్ పోయిన రోజు షాపు నడవాలి కదా. పాత బార్‌కోడ్ స్టిక్కర్ బదులు ఇదే లేబుల్ వస్తుంది కాబట్టి అదనపు పనేం కాదు, ప్రింట్, ఎన్‌కోడ్ (ట్యాగ్‌లో నంబరు రాయడం) రెండూ ఒకేసారి చేసే ప్రింటర్ ఒకటి ఉంటే చాలు.

5. రేడియో పరీక్ష మీ షాపులోనే, మీ సరుకుతోనే

వెండర్ ఆఫీసులో టేబుల్ మీద చూపించే డెమో ఎప్పుడూ బాగుంటుంది. మీ ర్యాకుల్లో చూపించమనండి.

పట్టుచీర ముందు పెట్టండి. జరీ అంటే లోహం, ట్యాగ్ యాంటెన్నా దానికి అతుక్కుని ఉంటే ట్యూనింగ్ చెడిపోయి దూరం దారుణంగా తగ్గుతుంది. బోర్డరు, పల్లూ మడతల మధ్య దోపిన లేబుల్ ఒక్కోసారి అసలు పలకదు. అదే లేబుల్ని మందపాటి కార్డుకి వేసి, దారంతో జరీ లేని మడతకి కట్టి, బయటికి వేలాడేలా ఉంచితే పలుకుతుంది. ఎంత తేడా వస్తుందో మీ గద్వాల, ధర్మవరం, కంచి చీరల మీద పక్కపక్కన పెట్టి చూడండి, ఒక్కో జరీకి ఒక్కో రకంగా ఉంటుంది. ఇంకొకటి, పలచటి చీరలు ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు ట్యాగులన్నీ ఒకే చోట అంటుకుని ఉంటే ఒకదాన్నొకటి మూసేస్తాయి. సేల్స్‌మెన్‌కి కుడిఎడమలు మార్చి పేర్చమని చెప్తే పెద్ద ఖర్చు లేకుండా తీరుతుంది.

ఇనుప ర్యాకులు, షట్టర్లు, ట్రయల్ రూం అద్దాలు తరంగాల్ని తిప్పికొడతాయి (అద్దం వెనక పూత కూడా లోహమే), అందువల్ల ఈ సెక్షన్ చదువుతుంటే ఆ పక్క సెక్షన్ పీసులు కూడా వస్తాయి. పవర్ పెంచితే బాగా చదువుతుందని అందరూ ఫుల్‌లో పెడతారు, చాలాసార్లు తగ్గించడమే మందు. బిల్లింగ్ కౌంటర్లో అయితే మరీను, పక్క కౌంటర్ మీద చీర ఈ బిల్లులో పడితే గొడవే, అక్కడ చాలా తక్కువ దూరం చదివే యాంటెన్నా, పక్కలకి షీల్డింగ్ (తరంగాలకి అడ్డు) పెట్టించాలి. లెక్క పెట్టేటప్పుడు హ్యాండ్‌హెల్డ్ సెట్టింగ్స్‌లో సెషన్ అని ఒకటి ఉంటుంది, ఎస్2 పెడితే ఒకసారి చదివిన ట్యాగ్ కాసేపు ఊరుకుంటుంది, వెనకబడ్డ ట్యాగులకి పలికే అవకాశం దొరుకుతుంది. ఎస్0లో వదిలేస్తే దగ్గరున్నవే మళ్లీ మళ్లీ అరుస్తాయి.

లీగల్ సంగతి: మన దేశంలో యూహెచ్ఎఫ్ ఆర్ఎఫ్ఐడీకి లైసెన్సు లేకుండా వాడుకోగల బ్యాండ్ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. 2005లో 867 దాకా ఇచ్చారు, 2021లో 868 చేశారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాటకూడదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోందని అమెరికా సెట్టింగు రీడర్ తెప్పిస్తే అది 902 నుంచి 928 మధ్య పనిచేస్తుంది, మన దగ్గర అది మొబైల్ కంపెనీల 900 బ్యాండ్‌లోకి పోతుంది, టవర్‌కి ఇబ్బంది వస్తే వెతుక్కుంటూ వస్తారు. రీడర్ మోడల్‌కి డబ్ల్యూపీసీ ఈటీఏ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం ఇచ్చే పరికరం అనుమతి) సర్టిఫికెట్ ఉందా అని అడిగి కాపీ తీసుకోండి. ట్యాగుల విషయంలో ఈ బెంగ లేదు, మామూలుగా 860 నుంచి 960 దాకా అన్నిటికీ పలికేలాగే చేస్తారు.

6. వెండర్‌తో కాగితం

ఇక్కడ పెద్దగా చెప్పేది లేదు. "99 శాతం రీడ్ రేట్" అని కొటేషన్లో రాస్తారు, ఎక్కడ, దేనిమీద, ఎంతసేపట్లో అని రాయించండి: ముందే చేత్తో రెండుసార్లు లెక్కపెట్టిన మీ ర్యాకులో, మీ స్టాఫే చదివితే, ఇన్ని నిమిషాల్లో, ఇంత శాతం. చివరి విడత డబ్బు దానికి ముడిపెట్టండి. డేటా ఎక్స్‌పోర్ట్ మీ చేతిలో ఉండాలి, లేబుల్ వాళ్ల దగ్గరే కొనాలన్న షరతు ఉండకూడదు, హ్యాండ్‌హెల్డ్ రిపేరుకి వెళ్తే స్పేరు ఇవ్వాలి. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లని, వీళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టకుండా అడ్వాన్సు ఇవ్వకండి, "వాళ్లు ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లని కలిపే దారి) ఇవ్వట్లేదు", "వీళ్లు అడగలేదు" అనే ఆట నెలల తరబడి నడుస్తుంది.

7. పైలట్ (ముందు చిన్నగా ట్రయల్)

ఒక సెక్షన్, ఒక హ్యాండ్‌హెల్డ్, ఒక ప్రింటర్. గేట్లు, స్మార్ట్ అద్దాలు వద్దు. కుర్తీలో, మగవాళ్ల షర్టులో తీసుకోండి, పట్టు సెక్షన్ కష్టం కాబట్టి అది రెండోసారికి. వారానికి రెండుసార్లు లెక్క, ప్రతిసారీ వచ్చిన తేడా లిస్టులో ప్రతి పీసుకీ వెళ్లి కారణం రాయాలి: ట్యాగ్ ఊడింది, ట్యాగ్ పలకలేదు, వేరే ర్యాకులో ఉంది, బిల్లు తప్పు కొట్టారు, నిజంగానే లేదు. ఈ కారణాల కాగితమే పైలట్‌లో మీకు దొరికే అసలు సొమ్ము. "పలకలేదు" ఎక్కువుంటే రేడియో సరిచేయాలి, "బిల్లు తప్పు" ఎక్కువుంటే కౌంటర్లో పని సరిచేయాలి, రెండిటికీ మందు వేరు.

సేల్స్ కుర్రాళ్లని మొదటి రోజే కలుపుకోండి. ఇది మా మీద నిఘా అని వాళ్లకి అనుమానం, అది సహజమే. హ్యాండ్‌హెల్డ్‌లో పీసు వెతికే మోడ్ ఉంటుంది, దగ్గరికి పోతున్నకొద్దీ బీప్ స్పీడవుతుంది, "అన్నా, ఆ నెమలిపింఛం కలర్ ఎక్కడ పెట్టావ్" అని మూడు ఫ్లోర్లు ఎక్కిదిగే పని తప్పుతుంది. ఒక్కసారి దాంతో పీసు దొరికితే రెండోసారి వాళ్లే అడిగి తీసుకుంటారు.

8. పాత స్టాకుకి ట్యాగులు కట్టడం

అందరూ దీన్ని తక్కువ అంచనా వేస్తారు. మీ వాళ్లతో ఒక గంట కట్టించి చూసి లెక్కేయండి. మనిషి గంటకి 100 కడతాడనుకుందాం, నలుగురు, రాత్రి ఆరు గంటలు, అంటే రాత్రికి 2,400. 40,000కి పదిహేడు రాత్రులు. ఒక్కో సెక్షన్ ఒకే రాత్రిలో పూర్తవ్వాలి, సగం ట్యాగ్ ఉన్నవీ సగం లేనివీ కలిసిపోతే ఆ సెక్షన్ లెక్క దేనికీ పనికిరాదు. వరస ఇలా: పాత బార్‌కోడ్ స్కాన్, కొత్త లేబుల్ ప్రింట్, కట్టడం, అక్కడే ఉన్న చిన్న రీడర్‌తో చదివి చూడటం, పలకనిది పక్కకి. స్కాన్ చేస్తుండగా బార్‌కోడ్ ఒకటి, సరుకు ఇంకొకటి ఉన్న పీసులు బయటపడతాయి, వాటిని అప్పుడే సరిచేయకుండా కట్టేస్తే తప్పు లెక్క ఇంకా స్పీడుగా చదువుకుంటారు, అంతే. సమాంతరంగా గొడౌన్లో ఆ రోజు నుంచి వచ్చే కొత్త బేళ్లన్నిటికీ ఇన్‌వార్డ్‌లోనే (సరుకు లోపలికి తీసుకునేటప్పుడే) ట్యాగ్ పడాలి, లేకపోతే ముందు గది ఊడుస్తుంటే వెనక గదిలో చెత్త చేరుతుంటుంది. పెద్ద సప్లయర్లు ఒప్పుకుంటే లేబుళ్లు వాళ్లకే పంపి అక్కడే కట్టించొచ్చు, అది రెండో ఏడాది మాట.

9. తేదీ

ముహూర్తం ఓనర్ గారు పెట్టుకోనివ్వండి, నెల మాత్రం మీరు చెప్పండి. శ్రావణం ముందు, దసరా ముందు, సంక్రాంతి ముందు ససేమిరా వద్దు. ఆషాఢం డిస్కౌంట్ సేల్ మధ్యలో కూడా వద్దు. పెళ్లిళ్లు లేని మూఢం రోజులు దీనికి బాగా కుదురుతాయి, ఫిబ్రవరి, మార్చిల్లో ఖాళీ దొరికితే ఇంకా మంచిది, మార్చి 31 స్టాకు లెక్క ఎలాగూ చేయాలి కాబట్టి ఆ లెక్కే మీ ఓపెనింగ్ స్టాకు అవుతుంది. మొదటి నెల బిల్లింగ్ బార్‌కోడ్‌తోనే నడవనివ్వండి, బిల్లు పడగానే ఆ పీసు ఈపీసీ కూడా అమ్ముడైనట్టు మారుతోందా లేదా అన్నది మాత్రం రోజూ సాయంత్రం చూడండి.

10. గో-లైవ్ తర్వాత

రోజూ ఒక సెక్షన్, పొద్దున్న షట్టర్ ఎత్తాక కస్టమర్లు రాకముందు లెక్క. తేడా లిస్టు ఫ్లోర్ ఇన్‌చార్జి చేతికి, మధ్యాహ్నం లోపు కారణాలతో తిరిగి రావాలి. ఒక్కసారి వినపడలేదని పీసుని స్టాకు నుంచి కొట్టేయకండి, వరసగా మూడు లెక్కల్లో లేకపోతేనే, అదీ మేనేజర్ చూశాకే. ఎక్స్చేంజ్‌కి వచ్చిన పీసుకి పాత ట్యాగ్ తెగిపోయి ఉంటే పాత నంబరు మళ్లీ ప్రింట్ చేయొద్దు, కొత్త సీరియల్ ఇచ్చి పాతదాన్ని మూసేయండి. ఫాల్సు సెక్షన్‌కి చీర వెళ్లేటప్పుడు ట్యాగ్ కోసి బిల్లుకి పిన్ను కొట్టే అలవాటు చేస్తే 3లో చెప్పిన సగం తలనొప్పి పోతుంది.

రెండో బ్రాంచికి ఎప్పుడు అంటే, మొదటి దాంట్లో తేడా లిస్టు ఒక పేజీలోకి దిగి వరసగా కొన్ని వారాలు అక్కడే నిలబడితే. అక్కడికి పాత సెట్టింగులు కాపీ కొట్టకండి, ర్యాకులు వేరు, అద్దాలు వేరు, రేడియో పరీక్ష మళ్లీ మొదటినుంచే. లేబుళ్లు మాత్రం కనీసం రెండు నెలల వాడకానికి సరిపడా ఎప్పుడూ గొడౌన్లో ఉంచుకోండి, సీజన్లో ఆర్డరు పెడితే ఇన్‌లే (లేబుల్ లోపలి చిప్, యాంటెన్నా ముక్క) స్టాకు లేదని చెప్పడం మామూలే, ట్యాగ్ లేకుండా షోరూంకి ఒక బేల్ ఎక్కిందంటే ఆ సెక్షన్‌కి మళ్లీ రాత్రి డ్యూటీ వేయాల్సిందే.